కొత్త కెమెరా: ముందు మాన్యువల్ పుస్తకమా, ముందు ఫోటోలా?

పెట్టె విప్పగానే ఫోటోలు తీయడం మొదలుపెడితే చేయి త్వరగా అలవాటు పడుతుంది. షట్టర్ బటన్ సగం నొక్కి ఫోకస్ కుదిరాక పూర్తిగా నొక్కడం లాంటివి చదివితే వచ్చేవి కావు. ఆటో మోడ్‌లో పెడితే షట్టర్ స్పీడ్ (వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలో), అపర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలో), ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో) అన్నీ కెమెరానే చూసుకుంటుంది.

చిక్కంతా చిన్న విషయాల్లోనే. వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే చిన్న కిటికీ) అంతా మసకగా కనిపిస్తే లెన్స్ పాడైందేమోనని టెన్షన్ పడతాం. చాలాసార్లు వ్యూఫైండర్ పక్కనుండే డయాప్టర్ చక్రాన్ని మన చూపుకు తగ్గట్టు తిప్పితే సరిపోతుంది. కొన్ని కెమెరాలైతే మెమరీ కార్డు లేకపోయినా క్లిక్‌మంటాయి. ఫోటో స్క్రీన్ మీద కనిపిస్తుంది, ఎక్కడా సేవ్ కాదు! ఆ సెట్టింగ్ మార్చుకోవచ్చని మాన్యువల్ చెబుతుంది (ఆ పేజీ దొరకాలే గానీ).

అలాగని వందల పేజీలు మొదటి నుంచి చివరిదాకా చదవడం నా దృష్టిలో దండగ. వై-ఫై, ప్రింటింగ్ అధ్యాయాలు ఇప్పుడు చదివినా గుర్తుండవు. బ్యాటరీ, కార్డు ఫార్మాట్, బటన్ల బొమ్మ ఉన్న పేజీలు చూసి ఫోటోలు మొదలుపెట్టండి. మిగతాది పీడీఎఫ్‌గా ఫోన్‌లో ఉంటే అవసరమైనప్పుడు వెతుక్కోవచ్చు. సెన్సార్ (వెలుతురును ఫోటోగా మార్చే లోపలి భాగం) శుభ్రం చేసే పేజీ మాత్రం, దాని జోలికి వెళ్లకముందే చదవాలి.