పెరిగోర్ నువార్‌లో రోడ్ సైకిల్ యాత్ర: ఎక్కడ దిగాలి, ఏ రోడ్డు పట్టాలి

నైరుతి ఫ్రాన్స్‌లో దోర్దోన్ నది వెంట, సార్లా పట్టణం చుట్టూ ఉన్న ప్రాంతాన్ని పెరిగోర్ నువార్ అంటారు. ఓక్ అడవులు, వాల్‌నట్ తోటలు, తేనెరంగు సున్నపురాతి ఇళ్లు, వాహనాలు అరుదుగా కనిపించే చిన్న తారురోడ్లు. రోడ్ సైకిల్‌కి ఇంతకన్నా మంచి చోటు ఫ్రాన్స్‌లోనే తక్కువ. అయితే కిలోమీటర్లు చూసి వేసుకున్న ప్లాన్ ఇక్కడ మొదటిరోజే తప్పుతుంది. నది కింద ఉంటుంది, చూడాల్సిన ఊళ్లూ కోటలూ చాలావరకు పైన ఉంటాయి. మధ్యయుగపు కోటలు కదా, శత్రువుకి అందని ఎత్తులోనే కట్టుకున్నారు. అరకు ఘాట్‌లా ఒక్కటే పొడుగు ఎక్కుడు ఉండదు. 100, 150 మీటర్ల ఎత్తులు రోజంతా ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. 60 కిలోమీటర్ల రోజులో 800 మీటర్లు ఎక్కడం మామూలే. హైదరాబాద్‌లో 200 కిలోమీటర్ల బ్రెవే (గడువు లోపల ముగించాల్సిన దూరపు సైకిల్ యాత్ర) పూర్తిచేసినవాళ్లు కూడా ఇక్కడ రోజుకి 60, 70 దగ్గర ఆగడం మంచిది. లేకపోతే ఊళ్లు చూసే ఓపిక మిగలదు.

చేరుకోవడం

పారిస్ ఆస్టర్లిట్జ్ స్టేషన్ నుంచి తులూజ్ వైపు వెళ్లే ఇంటర్‌సిటే అనే దూరప్రయాణ రైల్లో సూయాక్‌లో దిగడం అన్నిటికన్నా హాయి. ఈ రైళ్లలో సైకిల్‌ను విప్పకుండానే ఎక్కించవచ్చు. కాకపోతే సైకిల్‌కి విడిగా రిజర్వేషన్ తప్పనిసరి, రుసుము 10 యూరోలు. స్థలాలు తక్కువ కాబట్టి మనిషి టికెట్‌తో పాటే తీసుకోవాలి. సూయాక్ నుంచి కొద్ది కిలోమీటర్లు రోడ్డు మీద తొక్కితే కాజులెస్ వస్తుంది. అక్కడి నుంచి సార్లా దాకా పాత రైలుమార్గాన్ని సైకిల్ బాటగా మార్చారు, సుమారు 25 కిలోమీటర్లు. రైలుకట్ట కాబట్టి వాలు ఎక్కడా గట్టిగా ఉండదు. విమానం దిగి అలసిన కాళ్లకు, కుడివైపు నడపడం అలవాటు చేసుకోవడానికి, మొదటిరోజుకి ఇదే సరైన దారి. బోర్దో మీదుగా వస్తే సార్లా దాకా ప్రాంతీయ రైలు ఉంది. సార్లాయే చివరి స్టేషన్.

ఎక్కడ బస చేయాలి

చాలామంది సార్లాలో దిగుతారు. పాత పట్టణం నిజంగా అందంగా ఉంటుంది. పాత పట్టణాలను కాపాడే 1962 నాటి మాల్రో చట్టం కింద ముందుగా బాగుచేసిన పట్టణాల్లో ఇదొకటి. బుధ, శనివారాల సంత తప్పక చూడాలి. కానీ సార్లా గుంటలో ఉంది. సైకిల్ బాట వదిలితే ఏ దిక్కుకి బయల్దేరినా పొద్దున్నే ఎక్కాలి, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు చుట్టూ ఉన్న గట్టు మళ్లీ దాటాలి. అందుకని రెండు రాత్రులు చాలు.

కొండమీది ఊరు దోమ్‌లో బస అంటే రాత్రి దృశ్యం అద్భుతం, కానీ ప్రతిరోజూ చివర్లో కొండ ఎక్కాలి. నది ఒడ్డునే ఉన్న లా రోక్-గజాక్, బెనాక్‌లలో జులై, ఆగస్టుల్లో జనం కిక్కిరిసి ఉంటారు, రోడ్డు మీద కార్లు ఆగి ఉంటాయి. వారం ఉండేవాళ్లకు నా ఓటు సాం-సిప్రియాఁకే. నదికి దగ్గర, సొంత రైల్వే స్టేషన్ ఉంది, దుకాణాలున్నాయి, ఆదివారం సంత ఉంది. అటు వెజేర్ నది లోయకీ, ఇటు కోటలకీ సమానంగా అందుతుంది.

బస రకాల్లో షాంబ్ర్ దోత్ అంటే యజమానులు ఉంటున్న ఇంట్లోనే గదులు, పొద్దుటి ఫలహారం ధరలోనే కలిసి ఉంటుంది. జీత్ అంటే వంటిల్లుతో సహా మొత్తం ఇల్లు. సీజన్‌లో ఎక్కువగా శనివారం నుంచి శనివారం వరకే ఇస్తారు. నలుగురైతే జీతే లాభం, పైగా మన వంట మనం వండుకోవచ్చు. ‘అకే వేలో’ గుర్తు ఉన్న చోట సైకిళ్లకు తాళం వేసే గది, చిన్నచిన్న మరమ్మతు సామాను ఉంటాయి. ఈ గుర్తు సైకిల్ మార్గానికి 5 కిలోమీటర్ల లోపు ఉన్న బసలకే ఇస్తారు. ఫలహారం సాధారణంగా 8 తర్వాతే పెడతారు. ఎండాకాలంలో 7 లోపు బయల్దేరాలంటే ముందురోజు రాత్రే చెప్పి, బ్రెడ్, జామ్, పండు తీసి ఉంచమనాలి. గది అద్దెకి తోడు తలకింత రాత్రికింత పర్యాటక పన్ను అదనం.

దారులు

నది కుడిగట్టున పోయే డి703 రోడ్డు మ్యాప్‌లో ఎంతో ముద్దుగా కనిపిస్తుంది. సీజన్‌లో మాత్రం లా రోక్-గజాక్, బెనాక్ మధ్య ఆ ఇరుకు రోడ్డు మీదే బస్సులు, క్యారవాన్లు నడుస్తాయి. ఉదయం 9 లోపు దాటేయండి, లేదా వంతెన దాటి ఎడమగట్టుకి వెళ్లండి. దోమ్ కొండ కింద ఉన్న సెనాక్ నుంచి సాం-సిబ్రానే, అక్కడి నుంచి కాస్టెల్నో, తర్వాత లె మిలాండ్. చిన్న రోడ్లు, కాస్త ఎగుడుదిగుడు, ట్రాఫిక్ చాలా తక్కువ. లె మిలాండ్ కోటను 1947లో గాయని జోసెఫిన్ బేకర్ కొన్నారు. కాస్టెల్నో కోట నుంచి చూస్తే నదికి అవతల బెనాక్ కోట ఎదురుగా ఉంటుంది. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య 14, 15 శతాబ్దాల్లో జరిగిన నూరేళ్ల యుద్ధంలో ఒకటి ఇంగ్లిష్ పక్షం, ఇంకొకటి ఫ్రెంచి పక్షం.

దోమ్ ఎక్కడం మాత్రం తప్పించకండి. 1281లో ఫ్రాన్స్ రాజు మూడో ఫిలిప్ కట్టించిన కోట ఊరు ఇది. సెనాక్ నుంచి 3 కిలోమీటర్ల లోపే దాదాపు 140 మీటర్లు లేస్తుంది. చెట్లనీడ విడతలు విడతలుగా వస్తుంది కాబట్టి మధ్యాహ్నం ఎక్కితే నిలువునా కాలుతుంది. పైన రాతిద్వారాలు ఇరుకు, ఎదుటి కారుకి దారి వదలాలి. రెండు గుండ్రటి బురుజుల ద్వారంలో టెంప్లర్లనే క్రైస్తవ సన్యాసి యోధులను బంధించారని చెబుతారు, గోడల మీద చెక్కిన గీతలు ఇంకా ఉన్నాయి. ఊరి అంచున ఉన్న గట్టు మీద నిలబడితే కింద నది వంపు, పొలాల చతురస్రాలు, వాల్‌నట్ చెట్ల వరసలు మొత్తం కనిపిస్తాయి.

బెనాక్ కోటకి ఊళ్లోంచి పోయే రాళ్లదారి తొక్కడానికి పనికిరాదు. రోడ్ క్లీట్లతో (పెడల్‌కి బిగిసేలా బూటు అడుగున ఉండే ముక్కలు) నడిస్తే జారుతుంది కూడా. వెనకవైపు తారురోడ్డు చుట్టు తిరిగి పైకి పోతుంది, దాన్నే పట్టండి. ఊళ్లు చూసే యాత్రకి క్లీటు అడుగులోకి ఒదిగి ఉండి నడవడానికి వీలైన ఎస్‌పిడి బూట్లే నయం.

వెజేర్ లోయలో లెజేజీ నుంచి సాం-లెయోఁ మీదుగా మాంతిన్యాక్ సుమారు 25 కిలోమీటర్లు, పెద్దగా ఎక్కుళ్లు లేవు. మాంతిన్యాక్‌లోని, ఆదిమానవుల చిత్రాలున్న లాస్కో గుహ 1940లో బయటపడింది. అసలు గుహ మూసేశారు, 2016లో తెరిచిన నమూనా గుహకే టికెట్. సమయం వేసిన టికెట్ కాబట్టి పంచర్ పడినా సరిపోయేలా గంట వెసులుబాటు పెట్టుకోండి.

సైకిల్, టైర్లు, బ్రేకులు

ముందు 50/34 పళ్ల, వెనక 11-34 పళ్ల గేర్లు ఉంటే ఏ ఎత్తయినా కూర్చుని ఎక్కవచ్చు. ఇక్కడి చిన్న రోడ్లు తారు మీద రాతి చిప్స్ అద్దినవి, గరుకు. 28 మిల్లీమీటర్ల టైరులో 70 కిలోల మనిషికి గాలి ఒత్తిడి వెనక 70 పిఎస్‌ఐ, ముందు 65 చాలు. అంతకు మించి కొడితే చేతులు తిమ్మిరెక్కుతాయి. ‘గ్రావియోఁ’ అనే బోర్డు కనిపిస్తే అప్పుడే చల్లిన వదులు కంకర ఉందని అర్థం. దిగుడు మలుపులో అది లోపలి అంచున కుప్పగా చేరుతుంది, బ్రేకు మలుపుకి ముందే వేయాలి, మలుపులో వేయకూడదు. అక్టోబరులో రోడ్డు మీద రాలిన వాల్‌నట్లూ ఇదే పని చేస్తాయి.

అద్దె సైకిల్‌కి ముందు బ్రేకు సాధారణంగా ఎడమచేతికి ఉంటుంది. మన దగ్గర కుడిచేతికి అలవాటు. బయల్దేరే ముందు ఖాళీచోట నాలుగైదుసార్లు పట్టి చూసుకోండి. తొందరలో తప్పు లీవర్ నొక్కితే ముందు చక్రం బిగుసుకుపోతుంది. పెడల్స్ సొంతవి తీసుకెళ్లండి. డిపాజిట్‌కి ఫారెక్స్ కార్డు ఒప్పుకోని చోట్లు ఉంటాయి, క్రెడిట్ కార్డు దగ్గర పెట్టుకోండి.

తిండి, నీళ్లు, నియమాలు

శాకాహారులు జాగ్రత్త. ఇది బాతు రాజ్యం. సార్లా బంగాళాదుంపల వేపుడు చూడ్డానికి మన వేపుడులాగే ఉంటుంది, కానీ బాతు కొవ్వులో వేయిస్తారు. వెల్లుల్లి సూప్‌లోనూ తరచు అదే కొవ్వు. పెరిగోర్ సలాడ్‌లో బాతు గిజర్డ్ (కందనకాయ) ముక్కలుంటాయి. ‘సాఁ వియాండ్, సాఁ గ్రెస్ ద కనార్’ అని అడగండి: మాంసం వద్దు, బాతు కొవ్వు వద్దు. మేక జున్ను కబెకు, వాల్‌నట్లు, బ్రెడ్, గుడ్డు తినేవాళ్లకు పుట్టగొడుగుల ఆమ్లెట్, వీటితో రోజు గడిచిపోతుంది. వంటశాలలు మధ్యాహ్నం 12 నుంచి 2 వరకే. 2:10కి వెళ్తే తిండి దొరకదు. చిన్న ఊళ్లలో ఆదివారం మధ్యాహ్నం, సోమవారం దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి. శనివారమే కొనిపెట్టుకోవాలి.

నీళ్లకి ఊరి శ్మశానం వెతకండి, చాలాచోట్ల గోడ పక్కనే కుళాయి ఉంటుంది. ‘నోఁ పొతాబ్ల్’ అని రాసి ఉంటే తాగకూడదు.

ఊళ్లలో వేరే బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికే ముందు దారి, అది ఎంత చిన్న సందులోంచి వచ్చినా సరే. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కితే 135 యూరోల జరిమానా. చీకట్లో ఊరి బయట మెరిసే జాకెట్ తప్పనిసరి. తిరుగు ప్రయాణంలో సార్లా స్టేషన్ పాత పట్టణానికి దక్షిణాన, కాస్త ఎత్తున ఉంటుంది. సామాను బరువుతో అరగంట ముందే బయల్దేరండి.