అనంతగిరి ఘాటా, లంబసింగి ఘాటా? సైకిల్ మీద మన్యం ఎక్కేవాళ్లకు ఏది మేలు?

విశాఖలో సైకిల్ తొక్కేవాళ్లకు బీచ్ రోడ్డు, కైలాసగిరి, సింహాచలం కొండ అలవాటయ్యాక మనసు మన్యం మీదికి పోతుంది. అప్పుడే ఈ ప్రశ్న వస్తుంది: ఏ ఘాటు, అంటే ఏ కొండ రోడ్డు ఎక్కాలి? విశాఖ వైపు నుంచి నేను తొక్కిన దారులు మూడు. ఎస్.కోట (శృంగవరపుకోట) నుంచి అనంతగిరి మీదుగా అరకు, నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి, ఈ రెండింటి మధ్యలో మాడుగుల నుంచి పాడేరు. నా ఓటు లంబసింగికే. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లను మాత్రం అనంతగిరికే పంపిస్తాను. ఎందుకో చెబుతాను.

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. చాలామంది పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట చేరుకుంటారు. లారీల మధ్య ఆ దారిలో వెళ్లొద్దని నా మాట. కాస్త చుట్టయినా భీమిలి మీదుగా పోండి. తెల్లవారేసరికి భీమిలిలో ఉంటే డచ్చివాళ్ల సమాధుల దగ్గర ఒక్క మనిషి కూడా ఉండడు. అక్కడ సముద్రంలో కలిసే గోస్తనీ నదే ఇక మీకు తోడు. పైన బొర్రా గుహల దగ్గర పుట్టి, తాటిపూడి రిజర్వాయరు దాటి, ఇలా కిందికి వస్తుంది. అంటే మీరు నదికి ఎదురు తొక్కుతున్నారన్నమాట.

భీమిలి దాటాక పద్మనాభం. కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి, కింద యుద్ధభూమి. 1794 జూలై 10న ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు చనిపోయింది ఇక్కడే. పేష్కషు (కప్పం) బకాయిల మీద మొదలైన గొడవ అంతదాకా వచ్చింది. ఆ దగ్గర్లోనే పాండ్రంగి, 1897 జూలై 4న అల్లూరి సీతారామరాజు పుట్టిన ఊరు. అక్కడి నుంచి పల్లె రోడ్లు పట్టుకుని ఎస్.కోట రోడ్డులో కలవచ్చు. వరి చేల మధ్య ఇరుకు రోడ్లు, అక్కడక్కడా గుంతలు. 25 ఎంఎం వెడల్పు టైరు కన్నా 32 ఎంఎం అయితే నడుముకు సుఖం.

బౌడార దాటాక అసలు ఎక్కుడు మొదలవుతుంది. టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ. ఈ ఘాటులో నాకు నచ్చేది ఏమిటంటే, ఎక్కడా ఒక్కసారిగా మీద పడదు. పొడుగైన ఎక్కుడు, నెమ్మదిగా తీసుకుపోతుంది. ముందు చిన్న పళ్లచక్రం, వెనక క్యాసెట్‌లో (గేరు చక్రాల గుత్తిలో) 32 పళ్ల పెద్ద చక్రం ఉంటే ఊపిరి తిప్పుకుంటూ మాట్లాడుకుంటూ ఎక్కొచ్చు. కాళ్లు పట్టేస్తే ఆగడానికి టీ కొట్లు, జొన్నపొత్తులు కాల్చేవాళ్లు, అరకు బస్సులు అన్నీ ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లను ఇటు పంపడానికి ఇదే కారణం. మరీ చేతకాకపోతే సైకిల్ ఏదో ఒక బండిలో వేసుకుని దిగిపోవచ్చు. తోడుగా కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం కూడా ఇవే కొండల్లో సొరంగాలు దూరుతూ పోతుంటుంది. ఒక మలుపులో కింద లోయలో రైలు కూత వినిపిస్తే ఎందుకో ధైర్యం వస్తుంది.

గాలికొండ దగ్గర పైకి చేరిపోయినట్టే. అక్కడి నుంచి కాఫీ తోటల మధ్యగా సుంకరమెట్ట, అరకు వైపు దిగుడే. అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. బొర్రా గుహలు చూడాలంటే మధ్యలో దారి చీలుతుంది. గుర్తుంచుకోండి, అది దిగి మళ్లీ ఎక్కాల్సిన దారి. అలసిపోయి ఉంటే ఆ పని తిరుగు ప్రయాణానికి దాచుకోండి.

ఈ దారికి ఉన్న లోపం ఒక్కటే, జనం. నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాల్లో కార్లు మలుపుల్లో ఓవర్‌టేక్ చేస్తుంటే ఎక్కేవాడికి కన్నా దిగేవాడికి ఎక్కువ టెన్షన్. మంగళ, బుధవారాల్లో వెళ్లగలిగితే అదే రోడ్డు వేరే రోడ్డులా ఉంటుంది.

మాడుగుల-పాడేరు ఘాటు గురించి రెండు ముక్కలు చాలు. మిగతా రెండింటి కన్నా నిటారు ఎక్కువ, వంట్లమామిడి వైపు మలుపుల్లో బస్సులకు జాగా ఇవ్వడం కష్టం. దీన్ని ఎక్కడానికి కాదు, మాడుగుల హల్వా కోసం వెళ్లండి. గోధుమపాలు, పంచదార, నెయ్యి కలిపి గంటల తరబడి తిప్పుతారు. పావు కిలో జేబులో వేసుకుంటే ఏ ఎనర్జీ జెల్లూ అక్కర్లేదు.

ఇక లంబసింగి.

నర్సీపట్నం నుంచి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లు. డౌనూరు దాకా మామూలు రోడ్డే. అక్కడి నుంచి అడవి దగ్గరపడుతుంది, మాట తగ్గుతుంది. చలికాలం తెల్లవారుజామున ఎక్కితే కింద చెమట, పైన మంచు. లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు. బయట ఉంటే కొర్రులా, అంటే కర్రలా బిగుసుకుపోతారని. డిసెంబరులో ఒకసారి పైకి చేరేసరికి నా గ్లవ్స్ మీద చెమట చల్లబడి వేళ్లు మొద్దుబారాయి, బ్రేకు లీవరు నొక్కుతున్నానో లేదో తెలియలేదు. రోడ్డు పక్కన చలి కాచుకుంటున్న ఒక పెద్దావిడ "ఇలా రా బాబూ" అని పిలిచి మంట దగ్గర కూర్చోబెట్టింది. చోడంబలి (రాగి అంబలి) గ్లాసు చేతికిచ్చింది, తాగడానికన్నా ముందు చేతులు వెచ్చబెట్టుకోవడానికి.

అయితే నేను ఈ దారికి ఓటేసేది మంచు కోసం కాదు. ఈ రోడ్డు ఎలా పుట్టిందో తెలిశాక దీని మీద మామూలుగా తొక్కలేం. బ్రిటిషు వాళ్ల కాలంలో ఈ నర్సీపట్నం-లంబసింగి రోడ్డు పనికి మన్యం జనాన్ని బలవంతంగా తోలారు. బాస్టియన్ అనే తహసీల్దారు కూలి సరిగ్గా ఇవ్వక, అడిగినవాళ్లను కొట్టించేవాడు. ఆ కడుపుమంట సీతారామరాజు తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరసగా మూడు రోజుల్లో మూడు దాడులు. తీసుకున్న ఆయుధాల లెక్క రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లారు. సైకిల్ మీద ఆ ఊళ్ల మధ్య దూరాలు కాళ్లకు తెలుస్తాయి. ఆ వానాకాలంలో, ఆ అడవిలో, నడిచి ఎలా వెళ్లారో కారులో పోయేవాళ్లకు తట్టదు.

1924 మే 7న కొయ్యూరులో ఆయన్ను కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. నర్సీపట్నం నుంచి గొలుగొండ మీదుగా వెళ్లాలి, కొండ అడుగునే కాబట్టి ఘాటు భయం లేదు. ఘాటెక్కే ముందు రోజు సాయంత్రం అక్కడికి వెళ్లి రండి.

లంబసింగిలో కష్టాలు కూడా ఉన్నాయి. దుకాణాలు తక్కువ. పంచరైతే మీ పంపు, మీ ట్యూబులే దిక్కు. రెండు ట్యూబులు, రెండు లీటర్ల నీళ్లు లేకుండా డౌనూరు దాటొద్దు. సీజన్లో సూర్యోదయం చూడ్డానికి వచ్చే కార్లు తెల్లారకముందే బారులు తీరతాయి. వాళ్లు దిగిపోయాక, ఎనిమిది దాటాక ఎక్కితే చలీ తగ్గుతుంది, రోడ్డూ దొరుకుతుంది. రాజమండ్రి నుంచి విజయనగరం వెళ్లే 516ఇ జాతీయ రహదారి ఈ మన్యం గుండానే పోతుంది, అందుకే ఇటూ అటూ కూడా విస్తరణ పనుల కంకర తగలొచ్చు. వర్షాకాలంలో రెండు ఘాట్లూ వద్దు. కొండచరియలు పడతాయి.

దిగేటప్పుడు ఒక జాగ్రత్త. అనంతగిరి దిగుతూ భయంతో బ్రేకు పట్టుకునే ఉన్నాను. డముకు దగ్గర ఆగి రిమ్ము ముట్టుకుంటే చురుక్కుమంది, రెండు నిమిషాల్లో ట్యూబు పేలింది. మలుపుకు ముందే గట్టిగా పట్టి, మలుపులో వదిలేయండి. డిస్క్ బ్రేకులున్నా ఇదే పద్ధతి.

మూడు రోజుల సెలవు దొరికితే, కాళ్లకు అలవాటుంటే, ఏది మేలన్న ప్రశ్నే లేదు, రెండూ కలిపేయండి. ముందు సాయంత్రం కృష్ణదేవిపేట చూసి, మొదటి రోజు నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కి చింతపల్లిలో మకాం. రెండో రోజు జి.మాడుగుల, పాడేరు, హుకుంపేట మీదుగా అరకు, సుమారు 90 కిలోమీటర్లు. పైన ఉన్నాం కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, రోజంతా ఎక్కుతూ దిగుతూనే ఉంటారు. మూడో రోజు అనంతగిరి దిగి, గోస్తనీ వెంట పాండ్రంగికి. సమాధి దగ్గర మొదలుపెట్టి పుట్టిన ఊరికి చేరతారు. పొద్దున్నే అరకులో బయలుదేరితే, పాండ్రంగిలో పశువులు ఇంటికి మళ్లే వేళకు అక్కడుంటారు.