స్క్వైర్ అఫినిటీ జాజ్ బేస్: నాలుగేళ్లు వాయించాక

ఫెండర్ కంపెనీ చవక బ్రాండ్ స్క్వైర్‌ది ఈ బేస్ గిటార్, కొని నాలుగేళ్లు దాటింది. గుంటూరులో మా చర్చిలో ప్రతి ఆదివారం, పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రాతో నెలకి ఏడెనిమిది ప్రోగ్రాములు, ఇవి కాక ఇంట్లో రోజూ ఓ గంట వాయిస్తాను. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఏ బేస్ కొనాలి, ఏ పార్టు మార్చాలి అని అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా. అసలు మాట ముందే చెప్పేస్తాను: గిటార్ కొనేటప్పుడు నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి కాడ) చూసి కొనండి, డబ్బులు పెట్టేటప్పుడు ముందు సెటప్‌కీ (నెక్, తీగల ఎత్తు సరిచేయడం) తీగలకీ పెట్టండి, పికప్పులు (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు చుట్టలు) ఆ తర్వాత. నేను సరిగ్గా దీనికి తలకిందులుగా మొదలుపెట్టబోయి ఆగాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా.

నేను కొన్నప్పుడు పాతిక వేలకి కాస్త అటూ ఇటూగా పడింది. షాపులో ఆ రోజు మూడు బేస్‌లు ఒళ్లో పెట్టుకుని చూశాను. యమహా టీఆర్‌బీఎక్స్ 174, ఒక ప్రెసిషన్ మోడల్, ఈ జాజ్. యమహా చాలా పద్ధతైన వాయిద్యం, 24 ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు) ఉంటాయి, పైస్థాయిలో వాయించేవాళ్లకి హాయిగా ఉంటుంది, ఎవరైనా అది కొంటానంటే నేను వద్దనను. ప్రెసిషన్ అయితే అన్నిటికీ పెద్దన్న, ఫెండర్ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ 1951లో తెచ్చింది అదే. అప్పటిదాకా వాడుకలో ఉన్న, నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్‌కి ఫ్రెట్లు ఉండవు, స్వరం సరిగ్గా పలకాలంటే చెవీ చెయ్యీ రెండూ ఆరితేరి ఉండాలి. ఫ్రెట్లు పెట్టేసరికి వేలు ఎక్కడ పడ్డా స్వరం కచ్చితంగా పలుకుతుంది, ప్రెసిషన్ అన్న పేరు అందుకే వచ్చింది. జాజ్ బేస్ తొమ్మిదేళ్ల తర్వాత, 1960లో వచ్చింది. రెండు పికప్పులు, నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే గాడుల పట్టీ) దగ్గర సన్నబడే నెక్ దాని గుర్తులు.

ఆ సన్నదనమే నన్ను పట్టేసింది. జాజ్ నెక్ నట్ దగ్గర 38 మి.మీ. వెడల్పు ఉంటుంది, ప్రెసిషన్‌ది మామూలుగా 41 నుంచి 44 మి.మీ. దాకా ఉంటుంది. అంకెల్లో చూస్తే నాలుగైదు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మొదటి ఫ్రెట్ మీద లావు తీగని నొక్కి పట్టుకుని, అక్కడే ఓ పావుగంట నడక వాయించి చూడండి, తేడా మణికట్టు చెబుతుంది. నా చేతులు చిన్నవి. రెండు గంటల ఆరాధనలో చివరి అరగంటకి చిటికెన వేలు పట్టేయకూడదు, నాకు కావలసింది అది. పికప్, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే లోహపు ముక్క), కీలు, తీగలు, రంగు, ఏదైనా రేపు మార్చుకోవచ్చు. నెక్ మీ చేతికి ఒదగకపోతే మాత్రం దాన్ని అంత సులువుగా మార్చుకోలేరు. అందుకే షాపుకి వెళ్తే బెల్టు తగిలించుకుని నిలబడి వాయించండి. కుర్చీలో కూర్చుంటే ప్రతి గిటారూ బాగానే అనిపిస్తుంది.

ఇక ఈ మోడల్ సంగతి. పాప్లర్ చెక్క బాడీ, మేపుల్ నెక్, 34 అంగుళాల స్కేలు (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు), 20 ఫ్రెట్లు, సిరామిక్ అయస్కాంతాల సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్పులు రెండు, ఒక్కో పికప్‌కి ఒక వాల్యూమ్, రెండిటికీ కలిపి ఒక టోన్. అంతే. బ్యాటరీ లేదు, స్విచ్చులు లేవు. బాక్సులోంచి తీసి అలాగే వాయిస్తే శబ్దం స్పష్టంగా, కొంచెం పదునుగా వస్తుంది. బ్రిడ్జ్ పికప్ ఒక్కటే పెడితే ముక్కుతో పలికినట్టు, వేగంగా వాయించే వరసల్లో ప్రతి స్వరం విడివిడిగా వినిపిస్తుంది. నెక్ పికప్ పెడితే గుండ్రంగా, నిండుగా ఉంటుంది. ఇళయరాజా పాటల బేస్ వరసలు నేర్చుకునేవాళ్లకి ఈ రెండిటి మధ్య నాబులు తిప్పుకుంటూ కూర్చోవడం ఒక చదువు. ఆయన పాటల్లో బేస్ పక్కన ఇంకో పాట పాడుతున్నట్టు నడుస్తుంది, ఆ కదలికలన్నీ వినపడాలంటే వాయిద్యంలో ఈ స్పష్టత ఉండాలి.

సెటప్ గురించి తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే. కొన్న రెండో నెలలో తీగలు కొంచెం ఎత్తుగా ఉన్నాయనిపించి రిపేరుకి ఒక షాపులో ఇచ్చాను. పేరెందుకు లెండి. తీగ ఎత్తు బ్రిడ్జ్ దగ్గర తగ్గించాల్సింది పోయి, నట్ గాడుల్ని ఆకురాయితో లోతుగా రాసేశారు. ఇంటికొచ్చి వాయిస్తే, ఏ ఫ్రెట్ నొక్కకుండా ఖాళీ తీగ మీటిన ప్రతిసారీ మొదటి ఫ్రెట్‌కి కొట్టుకుని జర్రుమంటోంది. ఆదివారం స్టేజీ మీద ప్రతి మి (E) స్వరం దగ్గరా ఆ జర్రు వినిపిస్తుంటే ఏడుపొచ్చినంత పనైంది. అంత లోతుగా రాసేసిన నట్‌ని మళ్లీ పెంచడం కష్టం, కొత్తది వేయడమే మేలు. విజయవాడలో పాత వాయిద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన ఎముకతో కొత్త నట్ కోసి వేశారు. పని చేస్తూ, "చూడు బాబూ, ఇవన్నీ నువ్వే చేసుకోవాలి, ఎవరి చేతికీ ఇవ్వకు" అని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించారు. ఆయన నేర్పిందే ఇక్కడ చెబుతున్నా.

తీగని ముందు శ్రుతి చేయాలి. తర్వాత ఎడమచేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, కుడిచేత్తో నెక్ బాడీలో కలిసే చోట, రెండు వైపులా అదే తీగని నొక్కి పట్టుకోవాలి. అప్పుడా తీగే మీకు స్కేలు. ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సన్నటి సందు కనిపిస్తుంది. అది 0.3 మి.మీ. దగ్గర ఉండాలి, సుమారుగా విజిటింగ్ కార్డు మందం. కార్డు దూర్చి చూస్తే తీగ కదలకుండా కార్డు రాసుకుంటూ పోవాలి. సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపల వంపుని సరిచేసే లోహపు కడ్డీ) బిగించాలి, అసలు లేకపోతే వదులు చేయాలి. ఒకేసారి పావు చుట్టుకి మించి తిప్పొద్దు, తిప్పాక మళ్లీ శ్రుతి చేసి కాసేపు వదిలేసి చూడాలి. చెక్కకి సర్దుకునే టైము ఇవ్వాలి. గట్టిగా పట్టేస్తే బలం ఉపయోగించకుండా ఆపేయండి.

నెక్ సరైపోయాకే తీగ ఎత్తు. 17వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద 2.4 మి.మీ., సన్న తీగ కింద 2 మి.మీ. ఉంచమని ఫెండర్ కొలతలు చెబుతాయి. నేను గట్టిగా మీటే రకం కాబట్టి అంతకంటే కిందికి దించను. ఆఖరున 12వ ఫ్రెట్. అక్కడ నొక్కి వాయించిన స్వరం, అక్కడే వేలు ఆనించి తీసిన హార్మోనిక్, రెండూ ట్యూనర్‌లో ఒకేలా చూపించాలి. నొక్కింది హెచ్చుగా ఉంటే శాడిల్‌ని (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే చిన్న ముక్క) వెనక్కి జరపాలి, తగ్గుగా ఉంటే ముందుకి. మొత్తం గంట పని, ఒక అలెన్ కీ, ఒక స్క్రూడ్రైవర్, ఓపిక. మన దగ్గర ఇది ఏడాదికి రెండు సార్లు తప్పదు. రోహిణి కార్తె ఎండలకి చెక్క ఆరి ఫ్రెట్ల చివర్లు అరచేతికి గరుకుగా తగులుతాయి, వానలు పడ్డాక అదే చెక్క తేమ పీల్చుకుని నెక్ కదులుతుంది. ఇది ఏ కంపెనీ గిటార్‌కైనా ఒకటే.

తీగలు మార్చిన రోజు నిజంగా కొత్త గిటార్ కొన్నట్టే అనిపించింది. మామూలుగా వచ్చేవి రౌండ్‌వౌండ్ తీగలు, గరుకుగా ఉంటాయి, కొత్తలో గణగణలాడతాయి, మన చెమటకి నెల రెండు నెలల్లో మొద్దుబారిపోతాయి. నేను డి'అడారియో క్రోమ్స్ అని ఫ్లాట్‌వౌండ్ సెట్టు వేశాను, 45–100 సైజు (తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). పైన చుట్టిన తీగ బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి వేలు జారుతుంది, కీచుమనే చప్పుడు పోతుంది. స్వరం వచ్చీరాగానే 'దుమ్' అని నిలబడి, డ్రమ్స్ కిక్‌తో కలిసిపోతుంది. అమెరికాలో మోటౌన్ కంపెనీ రికార్డుల్లో వాయించిన జేమ్స్ జేమర్సన్ లా బెల్లా ఫ్లాట్‌వౌండ్లు వేసుకుని, తెగితే తప్ప మార్చేవాడు కాదట. ఈ తీగలు పాతబడే కొద్దీ బాగుంటాయి, నావి రెండేళ్లు దాటాయి. ఖరీదు రౌండ్‌వౌండ్ సెట్టు కంటే బాగా ఎక్కువే, కానీ ఇన్నాళ్లు వస్తాయి కాబట్టి లెక్క కుదురుతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, వీటి బిగువు ఎక్కువ, వేసిన మర్నాడే నెక్ ముందుకి వంగింది, ట్రస్ రాడ్‌ని పావు చుట్టు బిగించాల్సొచ్చింది. బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్ మీ స్టైల్ అయితే మాత్రం రౌండ్‌వౌండ్లే ఉంచుకోండి, ఫ్లాట్‌వౌండ్లలో ఆ మెరుపు రాదు.

హమ్మింగ్ సంగతి. సింగిల్ కాయిల్ పికప్ అంటేనే గుయ్‌మనే శబ్దం ఉంటుంది, అది దాని స్వభావం. జాజ్ బేస్‌లో రెండు పికప్పుల్నీ ఒకదానికొకటి వ్యతిరేక దిశలో చుడతారు కాబట్టి రెండు వాల్యూములూ సమానంగా పెడితే హమ్మింగ్ కొట్టుకుపోతుంది, ఒకటి తగ్గించగానే మళ్లీ బయటికొస్తుంది. ఇంట్లో పట్టించుకోం. ఫంక్షన్ హాల్లో చుట్టూ ఎల్‌ఈడీ లైట్లు, డిమ్మర్లు, పక్కనే కరెంటు బోర్డు ఉన్నప్పుడు, పాటకీ పాటకీ మధ్య ఆ గుయ్ మైక్‌లో మాట్లాడేవాళ్లకి అడ్డం వస్తుంది. ముందు తక్కువ ఖర్చు పని చేశాను. పికప్పులు, నాబులు కూర్చునే గుంటల లోపల రాగి టేపు అంటించి, ముక్కలు కలిసే చోట సోల్డర్ పెట్టి, దాన్ని గ్రౌండ్ వైరుకి కలిపాను. మల్టీమీటర్ పెట్టి ఈ మూల నుంచి ఆ మూలకి బీప్ వస్తోందా అని చూసుకోవాలి, జాక్‌లో సిగ్నల్ వచ్చే కొస మాత్రం టేపుకి తగలకూడదు, తగిలితే శబ్దమే రాదు. సగానికి పైగా హమ్మింగ్ దీంతోనే తగ్గింది. తీగల మీద చెయ్యి వేస్తే శబ్దం తగ్గి, తీయగానే పెరుగుతుంటే మీ గ్రౌండ్ బాగానే ఉంది, కావలసింది ఈ టేపే.

ఆ తర్వాతే పికప్పులు మార్చాను, డిమార్జియో మోడల్ జె. ఇవి చూడ్డానికి సింగిల్ కాయిల్‌లా ఉన్నా లోపల ఒక్కోదానిలోనే హమ్మింగ్‌ని అణిచే చుట్లు ఉంటాయి. ఇప్పుడు ఒక్క బ్రిడ్జ్ పికప్ పెట్టి వాయించినా నిశ్శబ్దం. స్వరంలో ఆ సింగిల్ కాయిల్ గాలి కొంచెం తగ్గింది, మధ్యస్థాయి ముందుకొచ్చింది, పెద్ద గుంపులో వాయించే నాకు అదే మేలైంది. ఆర్డర్ పెట్టే ముందు మాత్రం దయచేసి స్కేలు పెట్టి కొలవండి. మామూలు జాజ్ సెట్టులో నెక్ పికప్ 92 మి.మీ., బ్రిడ్జ్ పికప్ 94 మి.మీ. దగ్గర ఉంటాయి, కొన్ని గిటార్లలో రెండు గుంటలూ ఒకే సైజు. ఆ 2 మి.మీ. కోసం చెక్క చెక్కాల్సి వస్తే వార్నిష్ పెచ్చులూడుతుంది.

బ్రిడ్జ్ కూడా మార్చాను, గోతో 201. పాత స్క్రూ రంధ్రాల్లోనే కూర్చుంది. శాడిల్స్ కదలవు, శ్రుతి నిలకడగా ఉంటుంది. శబ్దంలో ఏదైనా మారిందా అంటే నా చెవికి తెలియలేదు. ఆ డబ్బు మంచి వెడల్పాటి బెల్టుకీ, కేబుల్‌కీ పెట్టినా సరిపోయేది.

యాక్టివ్ సర్క్యూట్ (బ్యాటరీతో సిగ్నల్‌ని పెంచేది) వేయించమని చాలామంది చెప్పారు, వేయించలేదు. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే బేస్‌లలో మామూలుగా కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, బ్యాటరీ అప్పటికే పాతదై, రాత్రి రిహార్సల్ అయ్యాక కేబుల్ తీయడం మర్చిపోతే పొద్దున ఆరాధనలో చచ్చిపోవచ్చు. ఐదు తీగల బేస్ గురించి కూడా అడుగుతారు. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది స్వరమే 41 హెర్ట్జ్, ఐదో తీగ 31 హెర్ట్జ్ దాకా దిగుతుంది, చాలా ఫంక్షన్ హాళ్ల బాక్సుల్లో అది గాలిలాగే వస్తుంది తప్ప స్వరంగా పలకదు. స్టూడియో పని ఉన్నవాళ్లకి ఐదు తీగలు అవసరమే, నాకు ఇంకా రాలేదు.

ఎవరు కొనాలి? మొదటి బేస్ కొనేవాళ్లు, చిన్న చేతులున్నవాళ్లు, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని తమ పని తామే చేసుకోవాలని ఉన్నవాళ్లు నిశ్చింతగా కొనండి. జాజ్ బేస్ కొలతలకి పార్టులు చాలా సులువుగా దొరుకుతాయి. బడ్జెట్ ఇంకా పెరిగితే, పార్టులు మార్చే ఉద్దేశం లేకపోతే, అదే కంపెనీ క్లాసిక్ వైబ్ 60స్ జాజ్ చూడండి, అల్నికో అనే మిశ్రలోహపు అయస్కాంతాల పికప్పులతో వస్తుంది, నేను మార్పులకి పెట్టిన ఖర్చు కలుపుకుంటే దాదాపు అక్కడికే తేలుతుంది. తీసేసిన పార్టులు మాత్రం పారేయకండి. నా పాత పికప్పులు, బ్రిడ్జ్, స్క్రూలతో సహా ఒక డబ్బాలో ఉన్నాయి.

మా చర్చిలో ఇంటర్ చదివే ఒక తమ్ముడు రెండేళ్లుగా డబ్బులు కూడబెట్టుకుంటున్నాడు. "అన్నా, రంగు ఎర్రది దొరుకుతుందా?" అని రోజూ అదే ప్రశ్న. వచ్చే శనివారం వాణ్ణి తీసుకుని విజయవాడ షాపుకి వెళ్తున్నా. నా బెల్టూ, ఒక స్కేలూ, విజిటింగ్ కార్డూ బ్యాగులో పెట్టేశాను.