సముద్రపు గుల్లలు డాబా మీద పరచడమా, సున్నం చేసి పూయడమా: ఏది మేలు?

ఎండలు మొదలైతే చాలు, ఇదే ప్రశ్న. నెదర్లాండ్స్‌లో ఇళ్ల కింద గుల్లలు పోస్తారట కదా, మన డాబా మీద పోస్తే వేడి ఆగదా అండీ అని.

అక్కడ పోసే మాట నిజమే. ఇంటి గచ్చుకీ కింద మట్టికీ మధ్య మనిషి పాకేంత ఖాళీ ఉంటుంది, లారీ నుంచి పైపు వేసి అందులోకి గుల్లలు ఊదేస్తారు. చలి తగ్గుతుంది, చెమ్మ పైకెక్కదు. అయితే వేడిని ఆపేది గుల్లల మధ్య ఇరుక్కున్న గాలే. గుల్ల మటుకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, సున్నపురాయిలో ఉండే సరుకే. అందుకే పొడికొట్టి ప్లాస్టరింగ్‌లో కలిపితే ఇసుక కొంత ఆదా అవుతుంది, చల్లదనం పెద్దగా రాదు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

డాబా దగ్గర అన్నిటికంటే ముందు చూడాల్సింది బరువు. ఘనమీటరు గుల్లలు 500 కిలోలనుకోండి, 20 సెంటీమీటర్ల మందం పోస్తే చదరపు మీటరుకి 100 కిలోలు. మనుషులు తిరిగే శ్లాబు మీద అదనపు భారానికి మామూలుగా వేసుకునే లెక్కే 150 కిలోలు. ఆపైన వాన పడి నీళ్లు నిలిస్తే బరువు పెరుగుతుంది, గాలి ఉండాల్సిన సందుల్లో నీళ్లు చేరి ఇన్సులేషనూ పోతుంది. పాత డాబా అయితే ఆ పని అస్సలు చేయొద్దు.

మన దగ్గర వేడి దిగేది పైనుంచి. దాన్ని లోపలికి వచ్చాక ఆపడం కంటే ఎండనే తిప్పికొట్టడం తేలిక, 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనక ఉన్న లెక్క కూడా ఇదే. అందుకే నా ఓటు గుల్లల్ని బట్టీలో కాల్చి చేసే గుల్ల సున్నానికి. రాత్రి నానబెట్టి, పల్చటి గుడ్డలో వడగట్టి, కాస్త బంక కలిపి, ఒక పూత నిలువుగా, అది ఆరాక ఇంకోటి అడ్డంగా వేస్తే శ్లాబు తెల్లగా మెరుస్తుంది. బరువు దాదాపు లేనట్టే. ఇబ్బందులూ ఉన్నాయి: వానలకి కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాలి, దుమ్ము పడితే పనితనం తగ్గుతుంది. వంద కిలోల గుల్ల కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, పూసిన సున్నం గట్టిపడేటప్పుడు దాన్ని మళ్లీ గాలి నుంచి పీల్చుకుంటుంది గానీ బట్టీలో కాల్చిన కట్టెలో బొగ్గో తాలూకు పొగ వెనక్కి రాదు.

థర్మోకోల్ పలకలు పలచగా ఉన్నా వేడిని బాగా ఆపుతాయి, కొత్తగా కట్టేవాళ్లకి అది వేరే లెక్క.

గుల్లలు ఊరికే దొరికే ఊళ్లో ఉంటే, కొత్త ఇంటి పునాదిలో నేల కింద చెమ్మ ఆపడానికి పరుచుకోండి. ముందు మంచినీళ్లతో బాగా కడిగి ఎండబెట్టాలి. మాంసం మిగిలితే కంపు కొడుతుంది, ఉప్పు మిగిలితే కాంక్రీటులోని ఇనుముని తినేస్తుంది.