టైరు చప్పుడు విని నడిపే గేమ్: ఇన్నేళ్ల తర్వాత గ్రాన్ టురిస్మో 2

గ్రాన్ టురిస్మో 2 అనే కార్ల రేసింగ్ గేమ్ పేరెత్తగానే అందరూ కార్ల లెక్క చెబుతారు. 1999 డిసెంబరులో, సోనీ గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 1 మీద, రెండు సీడీల్లో దాదాపు 650 కార్లు. నిజంగానే పెద్ద సంగతి. నేను మాత్రం టైర్ల చప్పుడు దగ్గర మొదలుపెడతాను. మలుపులో టైరు పట్టు సడలుతున్నప్పుడు సన్నగా కూత వినిపిస్తుంది. స్టీరింగ్ ఇంకా తిప్పితే ఆ కూత పెరుగుతుంది, పట్టు పోయిందంటే కీచుమని అరుస్తుంది. ఆ కూత పుట్టీ పుట్టనట్టు ఉన్నంతవరకే కారు మన మాట వింటుంది. ఇందులోని ట్రయల్ మౌంటెన్ అనే ట్రాక్ మూలమూలా తెలిసిన నేను కూడా టీవీ సౌండ్ తీసేస్తే మంచి ల్యాప్ టైము వేయలేను.

దీనికి కారణం గ్రాఫిక్స్‌లోనే ఉంది. ప్లేస్టేషన్ 1 ప్రాసెసర్ వేగం 33.8 మెగాహెర్ట్జ్, మెయిన్ మెమరీ 2 ఎంబీ, వీడియో మెమరీ 1 ఎంబీ. ఏ వస్తువు ముందుందో ఏది వెనకుందో ప్రతి పిక్సెల్‌కీ చూసుకునే జెడ్-బఫర్ దానికి లేదు. దూరానికి తగ్గట్టు టెక్స్‌చర్‌ను, అంటే వస్తువుల మీద అతికించే బొమ్మను, సరిచేసే పద్ధతీ లేదు. వస్తువుల ఆకారాన్ని కట్టే పాలిగాన్ ముక్కల మూలలు ఒక పిక్సెల్ నుంచి పక్క పిక్సెల్‌కు గెంతుతాయి. కారు ముందు నుంచి రోడ్డును చూపే బంపర్ వ్యూలో వెళ్తుంటే రోడ్డు గీతలు వంకర్లు పోవడానికీ, పక్క గోడలు వణకడానికీ కారణం ఇవే. పైగా దూరపు మలుపు తెర మీద నాలుగైదు చుక్కలుగా మాత్రమే కనిపిస్తుంది. ఆ బొమ్మను చూసి బ్రేక్ ఎక్కడ వేయాలో, కారు ఎంత జారుతోందో కచ్చితంగా చెప్పడం కష్టం. కంటికి దొరకని ఆ సంగతిని గేమ్ తయారుచేసిన పాలిఫనీ డిజిటల్ వాళ్లు చెవికి అందించారు, డ్యూయల్‌షాక్ కంట్రోలర్ వైబ్రేషన్‌తో చేతికీ అందించారు. నా దృష్టిలో ఈ గేమ్‌లోని అసలు పనితనం ఇదే.

కార్ల బొమ్మల విషయంలో వాళ్లు పడ్డ శ్రమ వేరు. రోడ్డు మీద, చెట్ల మీద పొదుపు చేసి కారు మీద ఖర్చుపెట్టారు. హెడ్‌లైట్లు, గ్రిల్లు, బ్యాడ్జీలు చాలావరకు టెక్స్‌చర్ మీద వేసినవే, అయినా ఏ కారో దూరం నుంచే పోల్చుకోవచ్చు. బాడీ మీద ఆకాశం మెరుపు జారుతూ పోతుంటే అది పాతికేళ్ల నాటి గేమ్ అని ఒక్క క్షణం గుర్తుండదు. రీప్లేలో టీవీ ప్రసారంలా కెమెరాలు మారుతుంటే ఇప్పటికీ చివరిదాకా చూస్తాను.

ఒక మాట. దీన్ని పిక్చర్ ట్యూబ్ టీవీ మీద చూడాలి. ఆ తెరకు సహజంగా ఉండే మెత్తదనంలో రంగుల చుక్కలు కలిసిపోతాయి, అంచులు అంతగా గుచ్చుకోవు. పెద్ద ఎల్‌ఈడీ టీవీకి అదే కన్సోల్ తగిలిస్తే ప్రతి లోపం పైకి తేలుతుంది. దానికి తోడు ఆ టీవీలు పాత సిగ్నల్‌ను మార్చుకోవడానికి కొంచెం సమయం తీసుకుంటాయి. మామూలు రేసుల్లో సర్దుకోవచ్చు కానీ, గేమ్‌లోని లైసెన్స్ పరీక్షలో గోల్డ్ మెడల్ కోసం ఆడేటప్పుడు ఆ కొద్దిపాటి ఆలస్యం కూడా టెన్షన్ పెడుతుంది. పాత గేమ్‌లను కంప్యూటర్ మీద ఆడించే ఎమ్యులేటర్లలో పీజీఎక్స్‌పీ అనే సదుపాయం ఆన్ చేస్తే గోడల వణుకు చాలావరకు పోతుంది.

ఇక హ్యాండ్లింగ్. చేతిలో 10,000 క్రెడిట్లతో ఆట మొదలవుతుంది, ఆ డబ్బుకు సెకండ్ హ్యాండ్ కారు వస్తుంది. అప్పట్లో మన రోడ్ల మీదకు అప్పుడే వస్తున్న ఆల్టో, వ్యాగన్ ఆర్‌ల జపాన్ తోబుట్టువులు ఇందులో ఉన్నాయి. వీధిలో చూసే ఆకారాన్ని రేస్ ట్రాక్ మీద తోలడం అప్పుడు భలే సంతోషంగా ఉండేది. ముందు చక్రాలతో నడిచే సివిక్‌ను మలుపులోకి వేగంగా తోస్తే ముక్కు బయటికి పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే మళ్లీ లోపలికి వస్తుంది. వెనక చక్రాల సిల్వియాలో మలుపు మధ్యలో గట్టిగా నొక్కారంటే తోక తిరుగుతుంది. స్కైలైన్ జీటీ-ఆర్ బరువు బ్రేక్ వేసినప్పుడు తెలుస్తుంది, మలుపు దాటాక నాలుగు చక్రాల లాగుడు తెలుస్తుంది. ఈ తేడాలు ఎవరూ వివరించక్కర్లేదు, వేళ్లకే అర్థమవుతాయి. సెకనుకు 30 ఫ్రేములతో, నాలుగు దిక్కుల బటన్లున్న డీ-ప్యాడ్‌తో ఇంత తేడా చూపించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మట్టి ట్రాకుల మీద మాత్రం అదే నమ్మకం కలగదు. అక్కడ కారు జారుతుందే గానీ మట్టి మీద నడుస్తున్నట్టు అనిపించదు. తోటి కార్లు తమ గీత వదలవు, మనం పక్కన ఉన్నామని కూడా చూడవు. గోడకు ఆనుకుని మలుపు తిరిగినా పెద్ద నష్టం లేదు, బాడీకి సొట్ట పడదు. చిన్న కార్ల ఇంజిన్ శబ్దం మిక్సీలా ఉంటుంది. టైర్ల శబ్దం మీద పెట్టిన శ్రద్ధలో సగం ఇంజిన్ల మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేదో.

దీన్ని నామ్‌కో కంపెనీ వాళ్ల రేసింగ్ గేమ్ రిడ్జ్ రేసర్ టైప్ 4తో పోల్చక తప్పదు. అది 1998 డిసెంబరులో జపాన్‌లో వచ్చింది. ఇవాళ రెండూ పక్కపక్కన పెడితే కంటికి టైప్ 4 బాగుంటుంది. నిజం కార్ల జోలికి పోకుండా, రంగులు ఒకదానిలోకి ఒకటి మెల్లగా కలిసిపోయే గూరో షేడింగ్‌తో పసుపు, నారింజ వెలుగుల సొంత లోకాన్ని కట్టుకున్నారు కాబట్టి ఆ బొమ్మ మాసిపోలేదు. అందులో కార్ల కంపెనీలు డ్రిఫ్ట్‌వి (జారుతూ తిరిగేవి), గ్రిప్‌వి (పట్టుతో తిరిగేవి) అని రెండు రకాలు. డ్రిఫ్ట్ కారుతో యాక్సిలరేటర్ వదిలి, తిప్పి, మళ్లీ నొక్కితే మలుపంతా ఒకే ఊపులో దాటుతుంది. హాయిగా ఉంటుంది. కానీ ఒకసారి ఆ ఊపు పట్టుబడ్డాక కారు కొత్తగా చెప్పేదేమీ ఉండదు. ఎన్నేళ్లు ఆడినా గ్రాన్ టురిస్మో 2లో కారు మార్చిన ప్రతిసారీ బ్రేక్ వేసే చోటు మళ్లీ వెతుక్కోవాలి.

2001లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన మూడో భాగం సెకనుకు 60 ఫ్రేములతో కళ్లు చెదిరేలా ఉంది. దాని కోసం కార్లు 180 దాకా తగ్గిపోయాయి, నాకిష్టమైన చిన్న కార్లలో చాలావరకు పోయాయి. అందుకే నేను వెనక్కి వచ్చేది రెండో భాగానికే.

కొత్తగా ఆడబోయేవాళ్లు పెద్ద కార్ల వైపు పోకండి. తక్కువ పవర్ ఉన్న సెకండ్ హ్యాండ్ కారు కొని, బీ లైసెన్స్ పరీక్షలన్నీ పూర్తి చేసి, బంపర్ వ్యూలో ఆడండి. మెనూలో మ్యూజిక్ వాల్యూమ్ తగ్గించి, సౌండ్ ఎఫెక్ట్స్ పెంచుకోండి.