బ్రౌన్ కాగితాల కోసం కడప వెళ్ళేవారికి

సి.పి. బ్రౌన్ సేకరించిన తాళపత్రాలూ, ఆయనకు పండితులు రాసిన జాబులూ కడపలోని ఆయన పేరిటి గ్రంథాలయంలోనే ఉంటాయని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని రైలెక్కాను. నిజానికి ఆ సంపదలో అధికభాగం బ్రౌన్ జీవితకాలంలోనే మద్రాసుకు చేరి, నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉంది. ఈ సంగతి తెలిసి వెళితే కడపలో నిరాశ పడనక్కరలేదు.

గ్రంథాలయం ఎర్రముక్కపల్లెలో, ఒకప్పుడు బ్రౌన్ బంగళా ఉన్న స్థలంలోనే ఉంది. మొండిగోడలుగా మిగిలిన చోట ఈ భవనం లేవడం వెనుక కడప రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఏళ్ల తరబడి పడిన శ్రమ ఉంది. ఇప్పుడు దీనిని నిర్వహిస్తున్నది యోగి వేమన విశ్వవిద్యాలయం. 1829లో 693 వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చువేయించిన మనిషి లోగిలి చివరకు వేమన పేరున్న విద్యాలయానికే దక్కడం నాకు ముచ్చటగా తోచింది.

ఈ స్థలానికి విలువ తెచ్చింది ఇక్కడ జరిగిన పని. 1817లో మద్రాసులో దిగి, 1820లో కొలువు మీద కడపకు వచ్చిన బ్రౌన్, ఆ తరువాత మచిలీపట్నం, రాజమండ్రి తిరిగి, వెళ్ళిన ప్రతిచోటా కావ్యాల ప్రతులు వెతికించాడు. కడప బంగళాలో పండితులకూ లేఖకులకూ తన జీతం నుంచే భృతి ఇచ్చి, అది చాలక అప్పులు కూడా చేసి, అయోధ్యాపురం కృష్ణారెడ్డి పర్యవేక్షణలో ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పాఠాలను ఒకదానితో ఒకటి సరిచూయించి, శుద్ధప్రతులు రాయించాడు. జూలూరి అప్పయ్య వంటివారి పాండిత్యం లేకపోతే ఇది సాగేది కాదు. దొర పేరు ఇంత మోగుతున్న చోట ఆ పండితుల పేర్లు కూడా అంతే గట్టిగా వినపడాలని నా అభిప్రాయం. 1830లలో సెలవు మీద లండన్ వెళ్ళినప్పుడు కూడా ఆయన ఊరకుండలేదు. ఈస్టిండియా కంపెనీ గ్రంథాలయంలో పడి ఉన్న దక్షిణదేశ భాషల రాతప్రతులను గుర్తించి, వాటిని మద్రాసుకు తిప్పి పంపించే ఏర్పాటు చేయించాడు.

పాఠకుడిగా చెప్పాలంటే, రాయలసీమ చరిత్ర మీద పనిచేసేవారికి ఈ కేంద్రం నిజంగా అక్కరకొస్తుంది. తాళపత్రాల సేకరణ ఇక్కడా ఉంది, మెకంజీ కైఫియత్తులను, అంటే కల్నల్ మెకంజీ రాయించి సేకరించిన ఊళ్ళ స్థానిక చరిత్రలను, సంపుటాలుగా ప్రచురించినదీ ఈ కేంద్రమే. బ్రౌన్ వ్యక్తిగత కాగితాలే కావాలనుకునేవారు మాత్రం మద్రాసులోని జాబుల కట్టలను జల్లెడపట్టి పరిశోధకుడు బంగోరె (బండి గోపాలరెడ్డి) వెలికితీసినవాటిని ముందుగా చదువుకుని వెళ్ళడం మంచిది. లేకపోతే ఆ ఆవరణ ఖాళీస్థలంలా కనిపిస్తుంది. చదివి వెళితే ఏ జాబు ఎక్కడ కూర్చుని రాయించి ఉంటాడోనని కళ్ళు వెతుకుతాయి.

కడప నుంచి చెన్నైకి నేరుగా రైలుంది. మిగిలిన సగం చూడడానికి ఆ రాత్రే టికెట్టు తీసుకున్నాను.