పీఆర్ ఫైల్ బాగా చేశారు, పిల్లల స్కూల్ విషయంలో మాత్రం ఊరికే భయపెట్టారు

కెనడాలో బ్రాంప్టన్, మిస్సిసాగా వైపు ఉంటూ పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్‌ని వెతుక్కుంటున్నవాళ్లు, ముఖ్యంగా బడికెళ్లే పిల్లలున్నవాళ్లు ఇది చదవండి. ఆఫీసు పేరు రాయను. స్టడీ పర్మిట్ లేకుండా పిల్లల్ని బడికి పంపొద్దన్న ఇదే సలహా వేరే ఆఫీసుల్లో కూడా ఇచ్చారని మా అపార్ట్‌మెంట్‌లోనే ఇంకో రెండు కుటుంబాలు చెప్పాయి, కాబట్టి ఒక్కరినే వేలెత్తి చూపించి లాభం లేదు.

మా పరిస్థితి ముందు చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో ఎవరి పరిస్థితిని బట్టి వాళ్లకి రూల్ మారుతుంది. మా ఆయన ఓంటారియోలో వర్క్ పర్మిట్ మీద పనిచేస్తున్నారు. నేనూ పిల్లలూ తర్వాత విజిటర్లుగా వచ్చాం. బాబుది పదకొండో గ్రేడ్ వయసు, పాపది నాలుగో గ్రేడ్. అందరం కలిపి పీఆర్‌కి అప్లై చేశాం, ఏఓఆర్ వచ్చింది, అంటే అప్లికేషన్ అందిందని ఐఆర్‌సీసీ (కెనడా ఇమ్మిగ్రేషన్ శాఖ) ఇచ్చే రసీదు. ఇక చూస్తూ కూర్చోవడమే. ఆ మధ్యకాలంలో పిల్లలు బడికి వెళ్లొచ్చా లేదా అన్నదే ప్రశ్న.

ముందు మంచి చెప్పాలి, ఎందుకంటే ఫైల్ పని నిజంగా బాగా చేశారు. మన తెలుగువాళ్ల పేర్లతో వచ్చే గొడవ తెలిసిందే కదా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది, పెళ్లి సర్టిఫికెట్‌లో మూడో రకంగా ఉంటుంది. అది మేం చెప్పకముందే కన్సల్టెంట్ పట్టుకుని అఫిడవిట్ రాయించారు. మా ఆయన ఆఫీసు వాళ్లిచ్చిన అనుభవం లెటర్‌లో చేసే పనుల వివరాలు లేవని వెనక్కి పంపి మళ్లీ తెప్పించారు. ఫోన్ చేస్తే ఎత్తుతారు, తెలుగులోనే ఓపిగ్గా చెప్తారు, ఎత్తలేకపోతే సాయంత్రానికి తిరిగి చేస్తారు. ఆయనకి సీఐసీసీ లైసెన్స్ ఉంది, అంటే ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్లకి లైసెన్స్ ఇచ్చే సంస్థ, పేరుకి కాలేజీ అంటారు, ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకున్నాం. మీరు కూడా తప్పకుండా చూడండి, 2021 నుంచి కన్సల్టెంట్లందరూ ఆ కాలేజీ కిందికే వస్తారు, లాయరో నోటరీయో పారాలీగలో కాకుండా, ఈ లైసెన్స్ కూడా లేకుండా డబ్బు తీసుకుని సలహా ఇవ్వడం చట్టవిరుద్ధం.

ఇక స్కూల్ విషయం. సెప్టెంబర్ దగ్గరపడుతోంది, పిల్లల్ని చేర్పించాలి అని అడిగితే, "మేడం, స్టడీ పర్మిట్ చేతికొచ్చేదాకా బడికి పంపకండి, రేపు ఆఫీసర్ చూస్తే పీఆర్‌కే దెబ్బ" అన్నారు. ఇద్దరికీ పర్మిట్లు ఆయనే పెడతారట. ఒక్కో పర్మిట్‌కి ప్రభుత్వ ఫీజు 150 డాలర్లు, దాని మీద ఆయన ఛార్జీ అంతకి రెట్టింపు పైనే, అదీ ఒక్కో పిల్లకి. డబ్బు సంగతి సరే, పర్మిట్ రావడానికి నెలలు పడితే అప్పటిదాకా పిల్లలు ఇంట్లో కూర్చోవాలా? పీఆర్ అన్న మాట వింటేనే టెన్షన్ పడే మనుషులకి ఆ మాట చాలు, ఆ వారం మా ఇంట్లో సరిగ్గా నిద్ర లేదు. అడిగిన రెండు మూడు కుటుంబాలూ తలో మాట చెప్పాయి.

అసలు చట్టం చాలా సూటిగా ఉంది. 2002 నుంచి అమల్లో ఉన్న ఇమ్మిగ్రేషన్ చట్టంలో 30వ సెక్షన్ రెండో భాగం ప్రకారం, కెనడాలో ఉన్న మైనర్ పిల్లలు ప్రీస్కూల్, ప్రైమరీ, సెకండరీ స్థాయిల్లో పర్మిట్ లేకుండానే చదువుకోవచ్చు. మినహాయింపు ఒక్కటే: పని చేయడానికి గానీ చదువుకోవడానికి గానీ అనుమతి లేని తాత్కాలిక నివాసుల పిల్లలు, అంటే తల్లిదండ్రులు ఉత్త విజిటర్లుగా ఉన్నవాళ్లు. అమ్మానాన్నల్లో ఒక్కరికి వర్క్ పర్మిటో స్టడీ పర్మిటో ఉంటే పిల్లలకి పర్మిట్ అక్కర్లేదు. నేను విజిటర్‌ని అయినా మా ఆయన వర్క్ పర్మిట్ సరిపోయింది. శరణార్థిగా క్లెయిమ్ వేసినవాళ్ల పిల్లలకీ అంతే. ఐఆర్‌సీసీ వెబ్‌సైట్‌లో ఇదే మాట మామూలు ఇంగ్లిష్‌లో రాసి ఉంది. లైసెన్స్ ఉన్న మనిషికి ఇది తెలియదా, తెలిసీ చెప్పలేదా అన్నది నేను తేల్చలేను, ఏదైనా ఒకటే నాకు.

మాకు ఇది స్పష్టంగా చెప్పింది మా ఏరియా స్కూల్ బోర్డు వాళ్లు కొత్తగా వచ్చినవాళ్ల కోసం నడిపే సెంటర్. ఈ రివ్యూ సగం వాళ్ల కోసమే రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి సెంటర్ ఒకటుందని మనవాళ్లలో చాలామందికి తెలియదు, నేరుగా ఇంటి దగ్గర స్కూల్‌కి వెళ్తారు. మేమూ ముందు అక్కడికే వెళ్లాం, ఫ్రంట్ డెస్క్‌లో ఉన్నావిడ స్టడీ పర్మిట్ అడిగింది, లేదంటే తల అడ్డంగా ఊపింది. సెంటర్‌లో మాత్రం అపాయింట్‌మెంట్ ఇచ్చి, కూర్చోబెట్టి, మా ఆయన వర్క్ పర్మిట్, పిల్లల పాస్‌పోర్టులు, అద్దె అగ్రిమెంట్, టీకాల కార్డు చూసి, పాపకి ఇంగ్లిష్, లెక్కలు ఎంతవరకు వచ్చో పరీక్షించి పంపారు. పైసా తీసుకోలేదు.

ఓంటారియోలో అసలు మెలిక ఇమ్మిగ్రేషన్‌ది కాదు, ఫీజుది. విజిటర్ పిల్లల దగ్గర స్కూల్ బోర్డు ఫీజు తీసుకోవచ్చు, అది ఏడాదికి పదివేల డాలర్లు దాటుతుంది. కానీ తల్లికో తండ్రికో వర్క్ పర్మిట్ ఉంటే ఫీజు ఉండదు, పీఆర్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉన్నవాళ్లకీ మినహాయింపు ఉంది, కాకపోతే ఐఆర్‌సీసీ నుంచి వచ్చిన కాగితం చూపించాలి, అందుకే ఆ ఏఓఆర్ ప్రింట్ ఒకటి ఫైల్‌లో ఉంచుకోండి. కాగితాలేవీ సరిగ్గా లేని కుటుంబాల సంగతి కూడా సెంటర్ ఆవిడే చెప్పింది: ఓంటారియో విద్యా చట్టం 49.1 సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని, వాళ్లకో తల్లిదండ్రులకో ఇక్కడ ఉండే అనుమతి లేదన్న కారణంతో, బడిలో చేర్చుకోకుండా తిప్పి పంపకూడదు. ఆ సెక్షన్ నంబర్ నోటికి చెప్పింది ఆవిడ. గంటకి ఇంత అని తీసుకునే ఆఫీసులో ఇలాంటి ఒక్క ముక్క వినలేదు మేము.

సెంటర్‌లో నచ్చనివీ ఉన్నాయి. ఆగస్టులో వెళ్తే రద్దీ మామూలుగా ఉండదు, వీలైతే జూన్‌లోనో జులై మొదట్లోనో అపాయింట్‌మెంట్ తీసుకోండి. మనవైపు టీకాల కార్డులో పేర్లు వేరు, ఇక్కడి లెక్క వేరు, ఏది దేనికి సమానమో పబ్లిక్ హెల్త్ వాళ్లతో మీరే మాట్లాడుకోవాలి, సెంటర్ వాళ్లు అందులో వేలు పెట్టరు. బాబు మార్కుల మెమోలు చూసి, ఇక్కడి డిప్లొమా లెక్కలోకి వచ్చేలా ఎన్ని క్రెడిట్లు (పూర్తిచేసిన కోర్సులకి ఇచ్చే లెక్క) ఇవ్వాలన్నది స్కూల్ ప్రిన్సిపల్ చేతిలో ఉంటుందన్నారు, అది తేలేసరికి సెమిస్టర్ మొదలైపోయింది. హైస్కూల్ డిప్లొమాకి మొత్తం 30 క్రెడిట్లు కావాలి కాబట్టి పదకొండో గ్రేడ్‌లో దిగే పిల్లలకి ఇది చిన్న విషయం కాదు, మెమోలు, సిలబస్ కాగితాలు ఊరి నుంచి వచ్చేటప్పుడే తెచ్చుకోండి. ఇంకొకటి, స్విస్ అని, కొత్తగా వచ్చినవాళ్లకి సాయం చేయడానికి స్కూళ్లలో ఉండే సెటిల్‌మెంట్ వర్కర్ల గురించి అందరూ గొప్పగా చెప్తారు, మంచివాళ్లే, కానీ వాళ్లకి డబ్బిచ్చేది ఫెడరల్ ప్రభుత్వం, ముఖ్యంగా పీఆర్ వచ్చినవాళ్ల కోసం, వర్క్ పర్మిట్ కుటుంబాలకి చేయగలిగింది తక్కువ.

ఇప్పుడు కన్సల్టెంట్‌కి న్యాయం చేయాలి. బాబు విషయంలో పర్మిట్ పెట్టమనడం సరైన సలహానే, చెప్పిన కారణమే తప్పు. పర్మిట్ లేకుండా చదివే వెసులుబాటు మైనర్లకే. ఓంటారియోలో 18 నిండగానే మేజర్, బ్రిటిష్ కొలంబియాలాంటి చోట్ల 19. ఆ వయసు వచ్చాక చదువు కొనసాగాలంటే పర్మిట్ కావాలి, పన్నెండో గ్రేడ్ మధ్యలో పుట్టినరోజు వచ్చే పిల్లలకి ఇది సరిగ్గా పరీక్షల ముందు తగులుతుంది. అప్పటికి పీఆర్ రాకపోతే కాలేజీకి కూడా అదే కావాలి. ఇంత ముఖ్యమైన కారణం ఉండగా దాని ఊసెత్తకుండా ఆఫీసర్ చూస్తాడు, పీఆర్ పోతుంది అని బెదిరించడం ఏం పని? చివరికి బాబు పర్మిట్ మేమే ఆన్‌లైన్‌లో పెట్టుకున్నాం, 150 ఫీజు, బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫొటో) అయితే ఇంకో 85. కాలేజీ, యూనివర్సిటీ విద్యార్థుల్లో చాలామందిని 2024 నుంచి అడుగుతున్న, ప్రావిన్స్ ప్రభుత్వం ఇచ్చే అటెస్టేషన్ లెటర్ స్కూల్ పిల్లలకి అక్కర్లేదు, ఆ ఒక్క టెన్షన్ లేదు.

ఇంకో సంగతి, ఇదీ ఆ ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. చదువుకోవడానికి పర్మిట్ అక్కర్లేదంటే ఇక్కడ ఉండటానికి కాగితం అక్కర్లేదని కాదు. పిల్లల విజిటర్ స్టేటస్‌కి గడువు ఉంటుంది, అది అయ్యేలోపే పొడిగింపుకి అప్లై చేయాలి, ఒక్కొక్కరికి 100 డాలర్లు. గడువు లోపల వేస్తే నిర్ణయం వచ్చేదాకా స్టేటస్ నిలబడుతుంది. దాటిపోతే 90 రోజుల్లో తిరిగి తెచ్చుకునే దారి ఉంది కానీ దానికి ఫీజు ఎక్కువ, తలనొప్పి ఇంకా ఎక్కువ. పెద్దవాళ్ల వర్క్ పర్మిట్ తారీఖు అందరికీ కంఠతా ఉంటుంది, పిల్లల తారీఖు మాత్రం ఎవరూ చూడరు, అది తల్లిదండ్రుల తారీఖుతో కలిసి ఉండాలని కూడా లేదు. స్కూల్ బోర్డు ఇచ్చిన ఫీజు మినహాయింపు కూడా మా ఆయన వర్క్ పర్మిట్ గడువు దాకే, కొత్తది వచ్చినప్పుడల్లా వెళ్లి చూపించాలి.

మార్కులు వేయాలంటే ఫైల్ పనికి ఐదుకి నాలుగు, పిల్లల విషయంలో ఇచ్చిన సలహాకి ఒకటి, అదీ బాబుకి పర్మిట్ పెట్టమన్నందుకు. బోర్డు సెంటర్‌కి నాలుగున్నర, ఆగస్టు రద్దీకి అర తగ్గించాను. పీఆర్ ఫైల్ కోసం ఆ ఆఫీసుకి వెళ్లాలనుకునేవాళ్లని వద్దనను. వెళ్లేముందు స్కూల్ సంగతి బోర్డు దగ్గర తేల్చుకుని వెళ్లండి, పర్మిట్ తప్పనిసరి అంటే ఏ సెక్షన్ ప్రకారం అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో రాసివ్వమనండి. మేం అడిగాక ఆయన పాప పర్మిట్ మాట మళ్లీ ఎత్తలేదు. పాప ఇప్పుడు ఐదో గ్రేడ్, ఆ కాగితం కావాలని స్కూల్ వాళ్లు కూడా ఇంతవరకూ అడగలేదు.